ఈతపుట్టుగకు వాస్తవిక ఆధారం

నేను మత్స్యశాఖలో సీనియర్ అసిస్టెంటుని. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఈ కథలో చేపలు ఎక్కడా రావు. వస్తాయని ఎదురుచూసి చివర్లో నన్ను తిట్టుకోవద్దు.

పైస్థాయి పెద్దాయన ఒకరు విదేశీ పర్యటనకు వెళ్ళారు. అక్కడ ఒక హాల్లో తల నెరిసిన మగవాళ్ళు పెద్ద బల్ల చుట్టూ చేరి, బొటనవేలి కణుపంత, అసలు మనిషిలో డెబ్బై రెండో వంతు ఉండే సైనికుల బొమ్మలను యుద్ధానికి నిలబెట్టి, టేపుతో కొలుచుకుంటూ, పాచికలు వేసుకుంటూ మహా గంభీరంగా ఆడుకుంటున్నారట. బొమ్మలకు రంగులు వాళ్ళే వేసుకుంటారు. బొమ్మ నిలబడే అరచేతంత నేలను కూడా వాళ్ళే తయారు చేసుకుంటారు. రాళ్ళూ రప్పలూ, గడ్డీ గాదం, ఎండిన మడి పగుళ్ళూ, అన్నీ అచ్చం అసలు నేలలాగానే. పెద్దాయన మురిసిపోయారు. మనకు నేలకు కొదవా, రంగులకు కొదవా, ఖాళీగా ఉన్న చేతులకు కొదవా అనుకుంటూ తిరుగు విమానం ఎక్కారు. ఆయన దిగేలోపే జీవో దిగింది.

జిల్లాకొక 'సూక్ష్మసైన్య నమూనాల ప్రోత్సాహక మండలి' పుట్టింది. జనానికి ఈ బొమ్మల పని నేర్పడం, వాళ్ళు చేసినవాటితో జిల్లా ప్రదర్శన పెట్టడం దాని పని. మా జిల్లా మండలికి ప్రత్యేకాధికారి కూర్మనాథం గారు. జలాశయం కింద మునిగిన ఊళ్ళ పునరావాసం అప్పటికే ఆయన నెత్తిన ఉంది, ఇది అదనపు బాధ్యత. నన్ను చేపల దగ్గర్నుంచి డిప్యుటేషన్ మీద లాక్కొచ్చారు. నన్నే ఎందుకండీ అని అడిగితే, "మీకు చిన్న ప్రాణులతో అనుభవం ఉంది కదా!" అన్నారు.

కూర్మనాథం గారు చెడ్డవారేమీ కాదు. ఉత్తర్వు అంటే ఆయనకు భక్తి, అంతే. ఆయన బల్లకు ఎడమవైపు పునరావాసం ఫైళ్ళు, కుడివైపు బొమ్మల ఫైళ్ళు ఉండేవి. ఎడమకు తిరిగినప్పుడు ఆముదం తాగినట్టుండే ముఖం కుడికి తిరగ్గానే పెళ్ళివారి ముఖం అయిపోయేది.

మొదటి చిక్కు మాట దగ్గరొచ్చింది. బొమ్మ కింద నేలను ఆ దేశాల్లో బేస్ అంటారు. కార్యాలయాల్లో తెలుగు అమలు జరుగుతోందో లేదో చూడడానికి చయనులు గారని ఒక భాషాధికారి ఉన్నారు. ఆయన వచ్చి ఫైలు తెరిచి, బేస్ అన్న మాటను చూసి, భోజనంలో వెంట్రుక కనబడ్డట్టు వెనక్కి జరిగారు.

"పీఠం అందామా అండీ?" అన్నాను.

"పీఠం అంటే పీఠాధిపతులు కోర్టుకు వెళ్తారు."

"పోనీ, అడుగు? బొమ్మ అడుగున ఉంటుంది కదా."

"ప్రభుత్వ కార్యాలయంలో 'అడుగు' అని రాసిపెడితే జనం అడగడం మొదలుపెడతారు," అన్నారు చయనులు గారు. ఆ ప్రమాదాన్ని కూర్మనాథం గారు వెంటనే గుర్తించారు. చాలాసేపు కళ్ళు మూసుకున్న తర్వాత చయనులు గారు తేల్చారు: "ఆధారం. దేని మీద నిలబడితే అది ఆధారం. రాసుకోండి."

రాసుకున్నాను. ఆ మాటతో రాజధానికి నివేదిక పంపాం. రాజధానిలో ఉన్నవాళ్ళు బొమ్మలు చూడలేదు, మా నివేదికే చూశారు. ఆధారం అంటే ఉద్యోగస్తుడికి ఒకటే అర్థం. నెల తిరక్కుండా సర్క్యులర్ వచ్చింది: 'ప్రతి బొమ్మకును వాస్తవిక ఆధారము విధిగా ఉండవలెను. ఆధారము లేని బొమ్మలను ప్రదర్శనకు అనుమతించరాదు. సమర్పించిన ఆధారములు నిజమైనవో కల్పితములో క్షేత్రస్థాయిలో విచారించి ధ్రువీకరణ జారీ చేయవలెను.'

"ఇది పొరపాటేమోనండీ," అన్నాను.

"పొరపాటు సంతకంతో రాదు," అన్నారు కూర్మనాథం గారు.

దాంతో మేము బొమ్మల నేలలను విచారించడం మొదలుపెట్టాం. పట్నంలో ఒక కుర్ర ఇంజనీరు మంచుకొండ మీద ఈటె పట్టుకున్న సైనికుణ్ణి నిలబెట్టి తెచ్చాడు. తెల్లటి మంచు, దాని కింద నీలి నీడ, ఎంత బాగుందో చెప్పలేను. కూర్మనాథం గారు దాన్ని అటూ ఇటూ తిప్పి, "మన జిల్లాలో మంచు ఏ మండలంలో కురిసింది?" అని అడిగారు. 'తప్పుడు ఆధారము సమర్పించినందున తిరస్కరించడమైనది' అని నేను రాశాను. ఇంకొకాయన సముద్రపు ఒడ్డు చేసి తెచ్చాడు.

"ఈ ఇసుక ఏ రేవుది? రవాణాకు పర్మిట్ ఉందా?"

"ఇసుక కాదండీ, ఉప్మా రవ్వ. జిగురు రాసి చల్లి, పైన రంగేశాను."

"అయితే పౌరసరఫరాల వారి అభిప్రాయం తీసుకోండి," అని ఫైలు నా వైపు తోశారు. వాళ్ళ అభిప్రాయం ఇంకా రాలేదు. రవ్వకు పురుగు పట్టింది.

ఇప్పుడు తవిటమ్మ సంగతి చెప్పాలి. జలాశయం నిండినప్పుడు ఖాళీ చేయించిన ఊళ్ళలో ఈతపుట్టుగ ఒకటి. ఆ ఊరివాళ్ళను తెచ్చి హైవే పక్కన పునరావాస కాలనీలో బ్లాక్-సి అన్న చోట దింపారు. అక్కడ బస్సు ఆగేచోట గేదెల తవిటమ్మ టీకొట్టు పెట్టుకుంది. యాభై దాటిన మనిషి. పిడత కింద పప్పు అమ్మినా ఊరంతా వినబడేట్టు అమ్మే గొంతు. ప్రతి సోమవారం అర్జీల రోజున వచ్చి కూర్మనాథం గారి బల్లకు ఎడమవైపు నిలబడేది. ఆమె కోరిక ఒక్కటే, బస్సు ఆగేచోట ఈతపుట్టుగ అని బోర్డు.

"ఆ పేరుతో ఊరున్నట్టు ఆధారం ఉందా?" అని ఆయన అడిగేవారు.

ఆధారాలు లేకేం, ఉండేవి. పంచాయతీ ఆఫీసులో రెండు బీరువాల నిండా ఉండేవి. ఊరు ఖాళీ చేయించినప్పుడు మనుషులను తరలించమని ఉత్తర్వు వచ్చింది కానీ బీరువాలను తరలించమని రాలేదు. అవి ఇప్పుడు నీళ్ళ అడుగున ఉన్నాయి. పాత రేషన్ కార్డులు తీసేసుకుని బ్లాక్-సి అని కొత్తవి ఇచ్చారు.

"అసలు పేరులోనే ఈత ఉంది. ఈత వచ్చిన ఊరు మునగడమేమిటమ్మా?" అని ఒకసారి కూర్మనాథం గారు చమత్కరించారు. ఆయనొక్కరే నవ్వారు.

"ఊరు మా కాళ్ళ కింద నుంచి లాగీసినారు. లాగీసినోల్లే ఆదారం నేదంతారేటి బావూ?" అంది తవిటమ్మ. "నన్ను పెల్లయి వొచ్చిన కాడ్నుంచి ఈతపుట్టుగ తవిటమ్మ అనేవోరు. ఇప్పుడు సి బ్లాకు తవిటమ్మ అంతన్నారు. రేపు నాను సచ్చిపోతే సి బ్లాకు ముసిల్ది పోనాది అంతారు. నాకు పేనం ఉండగా ఆ మాట పోవాల."

"విషయము పరిశీలనలో ఉన్నది," అన్నారు ఆయన. తవిటమ్మ ఆ మాట విని విని ఉంది. ఆయనతో పాటు తనూ పెదవులు కదిపింది.

మండలికి శిక్షణ లక్ష్యాలు ఉంటాయి కదా. పునరావాస కాలనీలోనే తరగతులు పెడితే రెండు బాధ్యతలూ ఒక్క జీపు ప్రయాణంలో తీరిపోతాయని కూర్మనాథం గారు కనిపెట్టారు. పట్నం నుంచి ఒక మాస్టారు వచ్చి కమ్యూనిటీ హాల్లో నేర్పాడు. అట్టముక్కకు తెల్ల జిగురు పూసి మట్టి చల్లాలి. ఆరాక నల్లరంగును నీళ్ళగా కలిపి వదిలితే అది పల్లాల్లోకీ పగుళ్ళలోకీ దిగి నీడ అవుతుంది. ఆ తర్వాత కుంచెను లేతరంగులో అద్ది, గుడ్డకు బాగా తుడిచేసి, అంటీ అంటనట్టు పైపైన రుద్దితే ఎత్తుల మీద ఎండ పడుతుంది. నేను వెనక బెంచీలో కూర్చుని చూశాను. అంతవరకూ వట్టి నేలగా ఉన్నది ఆ చివరి రుద్దుడుతో ఒక చోటు అవుతుంది.

అక్కడ అందరికంటే వెనకబడింది తవిటమ్మే. ఆమె వేసిన సైనికుడి ముఖం ఉడకబెట్టిన చిలగడదుంపలా వచ్చింది. మాస్టారు తలపట్టుకున్నాడు. "నాకు మనుసులు రారు బావూ, నేలయితే సేస్తాను," అని ఆమె కొట్టుకు వెళ్ళిపోయింది.

కొట్లో ఆమెకు కావలసిన సరుకంతా ఉంది. వడగట్టిన టీపొడి ఆరబోస్తే ఊరి నల్లమట్టి. కొబ్బరిపీచు దుబ్బుగడ్డి. నలిపిన వేరుశనగ తొక్కలు ఎండిన మడి పెళ్ళలు. బేరం లేని మధ్యాహ్నాలు కూర్చుని చేసి, ప్రదర్శనకు పేర్లిచ్చే రోజున బొమ్మల ఫైళ్ళ వైపుకు, అంటే కుడివైపుకు, వచ్చి నిలబడింది. కూర్మనాథం గారు అలవాటుగా ఎడమకు తిరిగి, అక్కడ ఎవరూ లేక, మళ్ళీ కుడికి తిరిగారు.

ఆమె తెచ్చింది పీటంత ఉంది. ఒక వంకర వీధి. వీధి మూల మీద గిలకబావి, పక్కన కల్లం, పిండిమర గోడ. గోడకు ఆనుకుని ఒక పక్కకు ఒరిగిన ఈతచెట్టు. నిబంధన ప్రకారం సైనికుడు కూడా ఉన్నాడు. ఈటె గోడకు ఆనించి, చిలగడదుంప ముఖం బావిలోకి వంచి నీళ్ళు తోడుకుంటున్నాడు.

"శత్రువు ఎక్కడ?" అన్నారు కూర్మనాథం గారు.

"శెత్రువెవుడూ నేడు బావూ. దాహమేసినాది."

ఆయన భూతద్దం తీసి చూశారు. కుడివైపు ముఖం కదా, అది విప్పారింది. "అద్భుతమైన ఆధారం! దీని ప్రాంతం?"

"ఈతపుట్టుగ."

కూర్మనాథం గారు భూతద్దం దించారు. ఆ పేరుతో ఊరు లేదని ఆయన ఎడమచేత్తో చాలాసార్లు రాసి ఉన్నారు. ఆ ఊరి ఆధారాన్ని క్షేత్రస్థాయిలో విచారించాలని కుడిచేతికి సర్క్యులర్ ఉంది. రెండింటిలో సర్క్యులర్ కొత్తది. "పడవ మాట్లాడండి," అన్నారు నాతో. నీళ్ళ పని కాబట్టి మత్స్యశాఖ మనిషిని నేనుండడం విచారణకు కలిసొచ్చింది.

జలాశయం ఆ రోజు ఇస్త్రీ చేసినట్టు పరుచుకుని ఉంది. ఎటు చూసినా ఒకటే నీళ్ళు. కూర్మనాథం గారు లైఫ్ జాకెట్ తొడుక్కుని, ఒళ్ళో తవిటమ్మ చేసిన నేలను పెట్టుకుని కూర్చున్నారు, ఎదురుగా తవిటమ్మ. పడవ నడిపే జన్నయ్య కూడా ఈతపుట్టుగ వాడే. చాలాదూరం పడవను తిన్నగా పోనిచ్చాడు. ఉన్నట్టుండి ఎడమకు కోశాడు. కొంచెం పోనిచ్చి కుడికి కోశాడు. మళ్ళీ ఎడమకు.

"ఏమయ్యా, ఎదురుగా ఏమీ లేదు. తిన్నగా పోనివ్వక ఈ వంకర్లేమిటి?" అన్నారు కూర్మనాథం గారు, జాకెట్ తాళ్ళు బిగించుకుంటూ.

"తిన్నగా ఎలగెల్తాను బావూ? అది మా మావ ఇల్లు గదా," అన్నాడు జన్నయ్య.

"ఏది?"

"కిందన. ఇల్లు మీంచి తోలుకుపోతావేటి? ఈది ఇలగే తిరుగుతాది."

కూర్మనాథం గారు నీళ్ళలోకి చూశారు, ఏమీ కనబడలేదు. ఒళ్ళో ఉన్న అట్ట మీద వీధిని చూశారు. పడవ కుడికి తిరిగినప్పుడు వీధి కుడికి తిరిగింది. ఎడమకు తిరిగినప్పుడు ఎడమకు తిరిగింది. ఆయన వేలు వీధి మీద పాకుతూ వెళ్ళింది. వేలు బావి దగ్గరకు చేరేసరికి జన్నయ్య తెడ్డు ఎత్తి పడవ ఆపాడు.

"నుయ్యొచ్చినాది," అన్నాడు.

తవిటమ్మ వంగి చేయి నీళ్ళలో పెట్టింది. తీసి ఆ తడిచెయ్యి ముఖానికి రాసుకుంది. కూర్మనాథం గారు కాసేపు దూరంగా ఉన్న కొండల వైపు చూశారు. ఉత్తర్వు లేకుండా ఆయన చేసిన పని నాకు తెలిసి అదొక్కటే. తర్వాత గొంతు సవరించుకుని చెప్పారు, నేను రాసుకున్నాను: 'జలమార్గమున విచారించగా, సదరు ఆధారము నేలతో సరిపోయినది. నేల కనబడనందున పడవను ప్రమాణముగా తీసుకొనడమైనది.'

ధ్రువీకరణ పత్రం గుండ్రటి ముద్రతో తయారైంది. 'ఈతపుట్టుగ గ్రామమునకు సంబంధించి గేదెల తవిటమ్మ సమర్పించినది వాస్తవిక ఆధారము.' కూర్మనాథం గారు సంతోషంగా సంతకం పెట్టి ఇచ్చారు. ఆమె దాన్ని అందుకుని, బల్ల చుట్టూ నడిచి, ఎడమవైపుకు వచ్చి నిలబడి, అదే కాయితాన్ని ఆయన చేతికే ఇచ్చింది.

"బోర్డు బావూ," అంది. "ఆదారం తెచ్చీసినాను."

ఆ ముఖం ఎటూ తిరగలేక మధ్యలో ఆగిపోవడం నేను అప్పుడే చూశాను. అది ఆ ఆధారం కాదని అనడానికి వీల్లేదు. చయనులు గారి మాట జిల్లా అంతటా అమల్లో ఉంది. కాదంటే భాషా ఉల్లంఘన. అవునంటే ఇన్నాళ్ళూ లేదన్నది ఎవరు?

అందువల్ల ఆయన నియమం ప్రకారం నడుచుకున్నారు. పునరావాసం అధికారిగా తాను, మండలి ప్రత్యేకాధికారి అయిన తనకు, సదరు ఆధారం వివరాలు కోరుతూ లేఖ రాశారు. నేను దాన్ని బల్ల ఎడమవైపు నుంచి కుడివైపుకు చేర్చాను. కుడివైపు ఆయన జవాబివ్వడంలో జాప్యం చేశారు. ఎడమవైపు ఆయన కటువుగా గుర్తుచేస్తూ జ్ఞాపిక పంపారు. దానికి కుడివైపు ఆయన మనసు నొచ్చుకున్నారు. ఆ వారం మధ్యాహ్న భోజనం కూడా సరిగా చేయలేదు. చివరకు ఇద్దరినీ కూర్చోబెట్టి సమావేశం జరపాలని తీర్మానించారు. నేను టీ తెప్పించాను. ఆయనే రెండు కప్పులూ తాగారు.

సమావేశంలో దారి దొరికింది. నిర్ణయం చదివి వినిపించడానికి తవిటమ్మను పిలిపించారు. 'ఆధారము ఉన్నందున నామఫలకము మంజూరు చేయడమైనది. అయితే, సమర్పించిన ఆధారము అసలులో డెబ్బై రెండవ వంతు పరిమాణముననే ఉన్నందున, ఫలకమును సైతము అదే నిష్పత్తిలో ఏర్పాటు చేయవలెను.'

"అంటే ఎంతేటి బావూ?" అని తవిటమ్మ నన్ను అడిగింది.

నేను బొటనవేలి గోరు చూపించాను.

ఆమె ఏడుస్తుందేమో అనుకున్నాను, తిడుతుందేమో అని కూడా అనుకున్నాను. రెండూ చేసింది. తిట్టినవి ఇక్కడ రాస్తే చయనులు గారు ఒప్పుకోరు. తిట్టడం పూర్తయ్యాక కొంగుతో ముక్కు తుడుచుకుని, "ఎయ్యండి. ఎంతయితే అంతే ఎయ్యండి. నేల మాత్రం నానే సేస్తాను," అంది.

ఆవిష్కరణ రోజున బ్లాక్-సి అంతా బస్సు ఆగేచోటికి వచ్చేసింది. సిమెంటు దిమ్మ మీద ఆమె చేసిన నేల, టీపొడి మట్టి, కొబ్బరిపీచు గడ్డి, దాని మధ్య రెండు అగ్గిపుల్లల మీద గోరంత బోర్డు. నీలం మీద తెల్ల అక్షరాలు, ఒక్కొక్కటీ ఆవగింజంత. ఈతపుట్టుగ. రిబ్బన్ బదులు కుట్టుదారం కట్టారు. కూర్మనాథం గారు గోళ్ళు తీసుకునే కత్తెరతో దాన్ని కత్తిరించి, ప్రభుత్వం ఇచ్చిన మాట నిలబెట్టుకుందన్నారు. మాట పరిమాణం గురించి ఏమీ అనలేదు. జనం ఒక్కొక్కరే వచ్చి, నడుము వంచి, కళ్ళు చికిలించి చదువుకున్నారు. ముసలివాళ్ళు చదవలేక వేలితో తడిమారు. జన్నయ్య వంగి లేచి, "మా ఈదే," అన్నాడు. తవిటమ్మ మాత్రం కొట్టు వదిలి రాలేదు. కెటిలు ఎక్కడ పెట్టిందో మర్చిపోయి దాన్నే వెతుక్కుంటోంది.

అంతలో బస్సు వచ్చింది. రోజూ బ్లాక్-సి, బ్లాక్-సి అని విసుగ్గా అరిచే కండక్టరు దిగి, ఈ గుంపేమిటని తోసుకొచ్చాడు. బోర్డును చూశాడు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగాడు. అతని పెదవులు ఒక్కో అక్షరమూ కూడబలుక్కోవడం నాకు కనబడింది.

"బోర్డు ఏసీసినారేటి?" అన్నాడు. "అయితే ఇకనుంచి బోర్డు మీద ఉన్నదే పిలవాల. అది మా డిపో రూలు."

"ఆగవయ్యా," అన్నారు కూర్మనాథం గారు. "ఆ బోర్డు గోరంతే ఉంది, గమనించావా?"

"బోర్డు ఎంతుంటే అంతే గొంతుతో పిలవాలని మాకు రూలు నేదండీ," అన్నాడు కండక్టరు. బస్సు మెట్టెక్కి, తలుపు కడ్డీ పట్టుకుని, నరాలు ఉబ్బేలా అరిచాడు.

"ఈతపుట్టుగా! ఈతపుట్టుగోల్లు దిగాలండీ, ఈతపుట్టుగా!"

బస్సులో నిద్రపోతున్న ఒక ఈతపుట్టుగ ముసలాయన ఆ కేకకు ఉలిక్కిపడి లేచి, సంచీ వెతుక్కుని, గబగబా మెట్లు దిగాడు. అన్ని వైపులా ఒకసారి చూశాడు. "నిజంగానే?" అని అడిగాడు ఎవరినో. కొట్టు దగ్గర కెటిలు కింద పడిన చప్పుడైంది. తవిటమ్మ రెండు చేతులతో నోరు మూసుకుని నిలబడి ఉంది. కండక్టరు ఆమెను చూసి, అవసరం లేకపోయినా ఇంకొకసారి అరిచాడు.

కూర్మనాథం గారు చెవులు రుద్దుకుని, నా పక్కకు జరిగి, ఆ కేక నిష్పత్తి ఎంతవుతుందో లెక్క కట్టమన్నారు.

నేను మత్స్యశాఖ మనిషిని, నాకు రాదని చెప్పాను.